కొలతలమ్మ కొలిచిన బావి

కొలతలమ్మ దేన్నైనా ఒక్కసారి కొలిచి ఊరుకునే మనిషి కాదు. బస్సు ఎన్నింటికని ముగ్గురిని అడుగుతుంది. ముగ్గురూ ఒకే మాట చెబితే, వీళ్ళు కూడబలుక్కున్నారేమోనని నాలుగో మనిషిని అడుగుతుంది. అసలు పేరు వేరే ఉంది గానీ, ఆసుపత్రి కుట్టు గదిలో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసిన ఆమెను ఆ పేరుతో పిలిచినవాడు జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా లోకానికంతటికీ ఆమె కొలతలమ్మే.

ఆ కుట్టు గది ఆసుపత్రి వెనక, బట్టలుతికే గదికి ఆనుకుని ఉండేది. ఆరు మిషన్లు, మధ్యలో పొడుగాటి బల్ల, మేకులకు వేలాడే కత్తెరలు, ఎప్పుడూ ఇస్త్రీ వాసన. రోగుల చొక్కాలూ, ఆపరేషన్ గౌన్లూ, వార్డు తెరలూ అన్నీ అక్కడే తయారయ్యేవి. కొత్తగా చేరిన ప్రతి అమ్మాయికీ మొదటి రోజే ఆమె వేలు చూపించి చెప్పేది: "నూలు గుడ్డని నీళ్ళలో ముంచి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యకుండా కత్తెర పెట్టావో, చూడు, ఇక నేను మనిషిని కాను." ఒకసారి ఒకమ్మాయి తొందరపడి తడపని తానుతోనే పెద్ద డాక్టరుకి పైజామాలు కుట్టింది. రెండు ఉతుకులయ్యేసరికి అవి పిక్కల మీదికి ఎగబాకాయి. ఆయన ఆ పైజామాతోనే వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, నేను ఆపరేషన్లు చెయ్యాలా, చేపలు పట్టాలా?" అన్నాడు. రిటైరయ్యాక కూడా ఆ సంగతి తలుచుకుని కొలతలమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వుకోనివ్వండి. ఆ నవ్వు తన మీదికే తిరిగొస్తుందని ఆమెకు మాత్రం ఏం తెలుసు?

ఆమె భర్తను వీధిలో అందరూ మిల్లాయన అంటారు. నూలు మిల్లులో, దూది ఏకే గదిలో ముప్పై ఏళ్ళు చేశాడు. ఆ గదిలో గాలే తెల్లగా ఉండేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా దూదే. పైకి కనబడే దూదిని కొలతలమ్మ తడిగుడ్డతో తుడిచేది. లోపలికి పోయినదాన్ని ఎవరు తుడుస్తారు? మిల్లు మూతబడింది గానీ దగ్గు మాత్రం ఉద్యోగం మానలేదు. మాట మధ్యలో ఆగి, ఊపిరి అందుకుని, ఆ తర్వాత మిగిలిన మాట పూర్తి చేయడం ఆయనకు అలవాటైపోయింది. హాస్యం మాత్రం తగ్గలేదు. "నేను మాట్లాడితే కామాలు ఎక్కువ," అనేవాడు.

వాళ్ళుండేది కాలువ గట్టు వీధిలో, రెండో అంతస్తులో. గోడలకు ఏడాది పొడుగునా చెమ్మే, మూలల్లో నల్లటి బూజు. డబ్బాలో ఉప్పు నీరయ్యేది. అగ్గిపుల్ల నాలుగుసార్లు గీస్తే గానీ వెలిగేది కాదు. పోయిన వానాకాలం మిల్లాయనను రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. రెండోసారి ఇంటికి పంపేటప్పుడు, ఆయన బెంచీ మీద కూర్చుని చెప్పులు వేసుకుంటుండగా, డాక్టరు కొలతలమ్మను పక్కకు పిలిచాడు. "ఈ తేమలో ఇంకో రెండు వానాకాలాలంటే ఆయన తట్టుకోవడం కష్టమమ్మా. పొడిగాలి ఉన్న చోటికి వెళ్ళగలిగితే వెళ్ళిపోండి," అన్నాడు. ఆమె బయటికొచ్చి భర్తతో, "పొడిగాలి మంచిదట అండీ," అంది. అంతే. మిగతాదంతా కడుపులో దాచుకుంది.

ఆరు గంటల బస్సు ప్రయాణం చేస్తే ఎడారి మొదలవుతుంది. ఇసుక, ముళ్ళ పొదలు, అక్కడక్కడా రోడ్డు పక్కన ఇళ్ళు. ఆ ఇళ్ళు చౌకగానే దొరుకుతాయి. ఊరికే ఎవరైనా చౌకగా ఇస్తారా? ఆసుపత్రి వంటమనిషి ఒకడు అలాగే ఒక ఇల్లు కొనుక్కుని, రెండో వేసవికి బావి ఎండిపోతే తాళం వేసి వచ్చేశాడు. కొలతలమ్మ వెళ్ళి అతన్నే అడిగింది. "ఏం చెప్పమంటావక్కా! తలుపులు కొట్టి చూశాను, కిటికీలు తీసి చూశాను. బావిలోకి మాత్రం ఒక్కసారి తొంగి చూశాను. కింద నీళ్ళు తళుక్కుమన్నాయి. ఆ తళుకు చూసి కొన్నాను," అన్నాడతను. ఆమె ముప్పై ఒక్కేళ్ళ కష్టం ఒక్క ఇంటికే సరిపోతుంది. తప్పు ఇల్లు కొంటే ఇంకో ఇల్లు లేదు, ఇంకో వానాకాలానికి వేరే దారీ లేదు.

అందుకని ఆమె ఇల్లు చూడ్డానికి వెళ్ళలేదు. ముందు నీటి శాఖ ఆఫీసుకు వెళ్ళింది.

అక్కడ పాత రిజిస్టర్ల గదిలో సోడాబుడ్డి కళ్ళద్దాల గుమాస్తా ఒకాయన టిఫిన్ డబ్బా మూత పెడుతున్నాడు. ప్రకటనలో చూసిన ఇంటి వివరం చెప్పి, ఆ వరసలో బావుల సంగతేమిటని అడిగిందామె. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆమెను ఓసారి ఎగాదిగా చూశాడు. "ఎన్ని గదులని అడిగేవాళ్ళే గానీ, నీళ్ళు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయని అడిగినవాళ్ళు, నేనీ కుర్చీలో కూర్చున్నాక మీరే మొదలమ్మా," అంటూ ఒక లావుపాటి రిజిస్టరు దింపాడు. ఆ రోడ్డు మీద పద్నాలుగు బావులుంటే, తొమ్మిదింటి పక్కన ఎర్ర సిరాతో 'ఎండినది' అని రాసి ఉంది. ఈ ఇంటి బావి పక్కన ఎర్ర సిరా లేదు. ఇరవై నాలుగేళ్ళ కిందట నూట ఆరు అడుగుల కింద నీళ్ళు. ఆరేళ్ళ కిందట నూట తొమ్మిది.

"కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆరేళ్ళలో ఏమైందో మాకు తెలీదు," అన్నాడు గుమాస్తా. "అమ్మేవాళ్ళు ఏం చేస్తారంటే, మీరొచ్చే ముందు నాలుగు రోజులు నీళ్ళు తోడడం ఆపేస్తారు. ఊట చేరి బావి కళకళలాడుతుంది. మీరు ఒకసారి కొలిచి, వాళ్ళని మామూలుగా వాడుకోమని చెప్పి, పది రోజుల తర్వాత అదే వేళకి మళ్ళీ కొలవండి. వేసవి చివరిది కాబట్టి ఇదే మంచి పరీక్ష. నాలుగు వేళ్ళు తగ్గితే ఫర్వాలేదు. అడుగులు తగ్గితే మాత్రం వెనక్కి తిరిగి చూడకుండా బస్సెక్కెయ్యండి."

"అంత లోతులో నీళ్ళు ఎక్కడ తగిలాయో పైనుంచి ఎలా తెలుస్తుందండీ?"

"కొలిచే పట్టీ చివర కాస్త సుద్ద రుద్దుతారమ్మా మావాళ్ళు. ఎంతవరకు మునిగిందో అంతవరకు సుద్ద తడిసి రంగు మారుతుంది. పైన గట్టు దగ్గర ఎన్ని అడుగులో చూసుకుని, తడిసినంత తీసేస్తే సరి."

సుద్ద మాట వినగానే కొలతలమ్మ మొహం వెలిగిపోయింది. తీగలూ మీటర్లూ అంటే ఆమెకు బెదురు గానీ, సుద్ద అంటారా? ముప్పై ఒక్కేళ్ళుగా ఆమె గోళ్ళలో ఉన్నది అదే. ఇంటికెళ్ళి కొత్త నాడా చుట్ట ఒకటి విప్పింది. వేలెడు వెడల్పున్న నూలు నాడా అది. బల్ల మీద పరిచి, గజం బద్ద పెట్టి, అడుగడుక్కీ ఎర్ర దారంతో ఒక కుట్టు, పదేసి అడుగులకు నీలం దారంతో రెండు కుట్లు వేసింది. చివర పాత కత్తెర బరువుకు కట్టింది. మిల్లాయన పక్కన కూర్చుని అంతా చూస్తూ, "బావికి, పైజామా కుడుతున్నావా ఏమిటోయ్?" అన్నాడు.

మొదటిసారి వెళ్ళినప్పుడు కూడా ఆమె తిన్నగా ఇంటికి పోలేదు. రోడ్డు మలుపులో టీ కొట్టు ముందు నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంటే, దాని డ్రైవరు పక్కన బెంచీ మీద చతికిలబడింది. "బాబూ, ఈ వరసలో నువ్వు నీళ్ళు పొయ్యని ఇళ్ళేవి?" అని అడిగింది. అతను గ్లాసు నోటి దగ్గరే ఆపి నవ్వాడు. "అందరూ పోస్తావా అని అడుగుతారు, మీరేంటమ్మా ఇలా అడుగుతారు? మొత్తం మీద మూడిళ్ళు. అందులో చివరిది మన హారన్ తాతది. అయిదేళ్ళుగా ఈ రోడ్డు మీద తిరుగుతున్నా, ఆయన ఒక్క బిందె అడగలేదు."

ఆమె కొనదలుచుకున్న ఇల్లు ఆ హారన్ తాతదే. నలభై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. ఇంజను మోతకు చెవులు పోయాయి. తనకు వినబడదు కాబట్టి ఎదుటివాళ్ళకూ వినబడదనుకుని, పలకరింపైనా సరే లారీలోంచి అరిచినట్టు అరుస్తాడు. మోకాళ్ళు అరిగిపోయి ఒంటరిగా ఉండలేక అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. "నాకంటే గట్టిగా అరిచే మనిషి అదొక్కతే!" అన్నాడు గర్వంగా.

రెండు గదులు, ముందు వసారా, వెనక బావి. రాతి గట్టు, ఇనప గిలక. కొలతలమ్మ సబ్బు బిళ్ళ తీసి, తోడిన నీళ్ళతో చేతులు రుద్దుకుంది. నురగ పొంగింది, అంటే ఉప్పు నీళ్ళు కావు. నాడాకు నీలం సుద్ద రుద్ది దింపింది. కత్తెర ఎక్కడో కింద చిన్నగా మునిగిన చప్పుడు. పైకి లాగి, తడిసినంత తీసేసి చూస్తే సరిగ్గా నూట పది. అలవాటు కొద్దీ మళ్ళీ దింపింది. నూట పదే. మామూలుగా నీళ్ళు వాడుకోమని, పది రోజుల తర్వాత మళ్ళీ వచ్చి కొలుస్తానని ఆయనకు గట్టిగా చెప్పింది. హారన్ తాత చేతులు కట్టుకుని వింతగా చూశాడు. "ఇంతమంది వచ్చారు, గోడ రంగు అడిగారు, రోడ్డు అడిగారు. బావిని అడిగింది నువ్వొక్కదానివే తల్లీ! గోడౌన్ కడతానని ఒకాయన తిరుగుతున్నాడు, ఆయనకి బావి ఉందో లేదో కూడా తెలీదు! పది రోజులు నీకోసం ఆగుతా! ఇంతకీ ఈ ఇసుకలోకి ఎందుకొస్తున్నారమ్మా?"

"ఊరికేనండి బాబాయ్ గారూ, ప్రశాంతంగా ఉంటుందని," అందామె గట్టిగా. అవసరం బయటపెడితే లోకువైపోతామని ఆమె భయం. మూడుసార్లు చెబితే గానీ ఆయనకు వినబడలేదు. మూడుసార్లూ అదే అబద్ధం చెప్పింది.

తడి నాడా గట్టు కింద మట్టిలో పడి పాడైపోయింది. ఇంటికొచ్చాక ఆమె దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బు పెట్టి ఉతికి, ఆరేసి, చక్కగా ఇస్త్రీ చేసి, చుట్ట చుట్టి పెట్టింది. మురికి నాడాను పెట్టెలో పెట్టుకునే మనిషా ఆమె? పది రోజులూ ఆ బావి గురించే మాట్లాడింది. వసారాలో మిల్లాయన కుర్చీ ఎక్కడ వెయ్యాలో కూడా ఆమె మనసులో ఖాయమైపోయింది.

పదకొండో రోజు అదే వేళకు వెళ్ళి నాడా దింపింది. పైకి లాగి చూస్తే, తడిసినంత తీసేశాక నూట పద్నాలుగున్నర.

కత్తెర గిలకకు తగిలిందేమో అనుకుని మళ్ళీ దింపింది. నూట పద్నాలుగున్నర. మూడోసారీ అంతే. పది రోజుల్లో నాలుగున్నర అడుగులు! ఇలా పోతే రెండు నెలల్లో బావి అడుగుభాగం కనబడుతుంది. ఆమె కళ్ళ ముందు వంటమనిషి తాళం వేసిన ఇల్లు కదలాడింది. బిందె పట్టుకుని ట్యాంకరు కోసం ఎండలో నిలబడిన మిల్లాయన కనబడ్డాడు. భయం కాస్తా కోపమైంది.

"నీళ్ళు తోడకుండా ఆపి ఉంచారు కదూ బాబాయ్ గారూ!" అని అరిచింది. "బావి నిండాక నన్ను రమ్మన్నారు! నాలుగున్నర అడుగులు పడిపోయింది! ఎవరి కళ్ళలో దుమ్ము కొడదామని?"

హారన్ తాతకు ఈసారి ఒక్కసారికే వినబడింది. మొహం నల్లబడిపోయింది. "నేనా? నా బావా?" అన్నాడు. చేద వేసి నీళ్ళు తోడుకుని గటగటా తాగాడు. మూతి తుడుచుకుని, "నలభై ఏళ్ళు లోడు మోశాను, ఒక్క బస్తా తక్కువైందని అనిపించుకోలేదు! వెళ్ళమ్మా! రేపే ఆ గోడౌన్ ఆయనకి ఇచ్చేస్తా!" అని తలుపు ధడాలున వేసుకున్నాడు. ఆమె గిర్రున తిరిగి, ముందొచ్చిన బస్సెక్కేసింది. దారి పొడుగునా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పక్క సీటావిడ ఎవరైనా పోయారా అని అడిగితే, లేదని తల అడ్డంగా ఊపి ఇంకా ఎక్కువ ఏడ్చింది.

సాయంత్రానికి ఇల్లు చేరింది. మిల్లాయన దీపం వేసి, టీ పెట్టి కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పి, నాడా చుట్ట బల్ల మీదికి గిరాటేసింది. ఆయన దాని కొస అందుకుని బొటనవేలితోనూ చూపుడువేలితోనూ నలిపి చూశాడు. ముప్పై ఏళ్ళు పత్తిని నలిపిన వేళ్ళవి. కంటితో చూడకుండా కూడా ఏ బేలులో పత్తి ఏ రకమో చెప్పేవాడు. నలుపుతూ నలుపుతూ ఒకచోట ఆగాడు.

"దీన్ని, ఉతికావా?"

"ఉతకనా మరి? మట్టి కొట్టుకుపోతేనూ!"

"వేడినీళ్ళలోనా?"

ఆయన గజం బద్ద తెచ్చి నాడా పక్కన పెట్టాడు. ఎర్ర కుట్టుకీ ఎర్ర కుట్టుకీ మధ్య అడుగు ఉండాల్సింది, అడుగుకు అరంగుళం తక్కువ ఉంది. తర్వాతి కుట్టూ అంతే. దాని తర్వాతిదీ అంతే. ఆ నాడాతో వందసార్లు కొలిచినా నిజం చెప్పదు, వేడినీళ్ళకు ముడుచుకుపోయింది; కుట్లు దగ్గరపడి అదే లోతుకు ఎక్కువ అడుగులు చూపించింది. బావిలో నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొలతలమ్మ నెత్తిన రెండు చేతులూ పెట్టుకుంది. తడపని గుడ్డ మీద కత్తెర పెట్టిన పిల్లల్ని ఎంతమందిని ఏడిపించింది! ఆ పెద్ద డాక్టరు పైజామా కథ ఎన్నిసార్లు చెప్పి నవ్వింది! "సిగ్గుతో చచ్చిపోతున్నానండీ. ఆ పెద్దాయన్ని దొంగ అన్నాను," అంది. మిల్లాయన నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక, "ముందు ఫోను, చెయ్యి," అన్నాడు.

ఫోను చేసింది. "హలో! ఎవరు! గట్టిగా!" అని అవతల హారన్ మోగింది. ఆమె అరిచింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది గానీ హారన్ తాతకు మాత్రం వినబడలేదు. "పొద్దున్నించీ ఆ గోడౌన్ వాడూ ఇంతే! మాట్లాడరూ, పెట్టెయ్యరూ!" అని తిట్టి పెట్టేశాడు. చెవుడు పుణ్యమా అని ఆ గోడౌన్ ఆయనకూ ఇంకా మాట అందలేదని తెలిసి, ఆమెకు కాస్త ప్రాణం లేచొచ్చింది.

పొద్దున్నే మొదటి బస్సుకు ఇద్దరూ బయల్దేరారు. వద్దంటే మిల్లాయన వినలేదు. "పత్తి సంగతి, నేను చెబితేనే, నమ్ముతాడు," అన్నాడు. ఆరు గంటలూ ఆమె ఆయన వీపు మీద చెయ్యి తియ్యలేదు. దిగి ఇసుకలో నడుస్తుంటే ఆయన నాలుగు చోట్ల ఆగాడు.

హారన్ తాత బావి గట్టు మీదే ఉన్నాడు. చుట్టూ తడి తాడు కుప్పగా పడి ఉంది. వీళ్ళను చూసి మొహం తిప్పుకున్నాడు. "సాయంత్రం ఆ గోడౌన్ ఆయన వస్తున్నాడు! అబ్బాయిని పంపి కబురు చేశాడు! నమ్మకం లేని మనిషికి నేను బావి ఇవ్వను!"

మిల్లాయన గట్టు మీద కూలబడి, ఊపిరి అందుకుని, మెల్లగా మొదలుపెట్టాడు. "తప్పు బావిది కాదు. మీదీ కాదు. నూలు తడిస్తే, ముడుచుకుంటుంది."

"ఏమంటున్నాడు?"

"నాడా ముడుచుకుందంటున్నారు!" అని అరిచింది కొలతలమ్మ. "నేను ఉతికాను! తప్పు నాది బాబాయ్ గారూ! మీ బావి నిజమే చెప్పింది!"

రోడ్డు మీద వెళ్తున్న ట్యాంకరు టక్కున ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. హారన్ తాత లేచి నిలబడ్డాడు. "ముప్పై ఏళ్ళు కుట్టుపని చేశానన్నావు! తడిస్తే గుడ్డ ముడుచుకుంటుందని నాకు కూడా తెలుసు! నీకు తెలీదా? నీ మతి ఎక్కడికి పోయింది?"

అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చేసింది. ఏడాదిగా కడుపులో దాచుకున్నది, డాక్టరు చెప్పింది, ఆమె ఎవరికీ చెప్పనిది, అంతా.

"భయం! భయంతో మతి పోయింది! ఈయన ఊపిరితిత్తుల్ని పత్తి తినేసింది! ఆ చెమ్మ ఇంట్లో ఇంకో రెండు వానాకాలాలు బతకరని డాక్టరు చెప్పాడు! ఈయన లేకుండా నేను బతకలేను! అందుకే ఈ పొడిగాలి కావాలి, ఈ ఇల్లు కావాలి, ఈ బావిలో నీళ్ళు కావాలి! ప్రశాంతం కోసం కాదు! అబద్ధం చెప్పాను!"

రోడ్డు మీద ట్యాంకరు ఇంజను ఆగిపోయింది. మిల్లాయన తల వంచుకుని ఇసుక చూస్తున్నాడు. రెండు వానాకాలాల సంగతి ఆయన వినడం అదే మొదటిసారి. తలెత్తి, తడి కళ్ళతోనే నవ్వాడు.

"ముప్పై ఏళ్ళు కాపురం చేశాం. ఒక్కసారైనా, నా చెవిలో చెప్పావా ఈ మాట? ఇప్పుడు, ట్యాంకరు డ్రైవరుకి కూడా వినబడేలా చెబుతున్నావు."

హారన్ తాత వచ్చి ఆమె పక్కన గట్టు మీద కూర్చున్నాడు. మామూలు మనుషులు మాట్లాడినంత నెమ్మదిగా మాట్లాడాడు. అంత నెమ్మదిగా ఆయన మాట్లాడగలడని ట్యాంకరు డ్రైవరుకు కూడా తెలీదు.

"మొదటి రోజే చెప్పాల్సింది తల్లీ. నువ్వు నిన్న అలా అనేసరికి నాకూ భయమేసింది. నలభై ఏళ్ళు తాగిన బావిని ఒక్క పూటలో అనుమానించాను. తెల్లారినప్పటినుంచీ తాడుకి బారకో ముడి వేసి, దింపి కొలుస్తున్నాను. ఆరుసార్లు కొలిచాను. పద్దెనిమిది బారలూ, ఒక మూరా. ప్రతిసారీ అంతే. బారకి ఆరడుగులు వేసుకుంటే, నీ నూట పది అడుగులే." మొహం తుడుచుకుని, మళ్ళీ మామూలు గొంతులోకి వచ్చేశాడు. "నా జన్మలో ఇంత అన్యాయం నా బావికి నేనెప్పుడూ చెయ్యలేదు!"

కొలతలమ్మ ఆయన కాళ్ళు పట్టుకోబోతే ఆయన కసురుకున్నాడు. మిల్లాయనకు చేద నీళ్ళు ఇచ్చి, తాడు కుప్పంతా చుట్ట చుట్టి, ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఆ నాడా అవతల పారెయ్! ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దీంతో కొలుచుకో! తడిసీ ఆరీ, తడిసీ ఆరీ, ఇంక ఇందులో ముడుచుకోవడానికి ఏమీ మిగల్లేదు!"

"సాయంత్రం ఆ గోడౌన్ ఆయన వస్తే?" అంది కొలతలమ్మ, ఇంకా నమ్మలేక.

"ఏమన్నావు? నాకు వినబడదమ్మా!" అన్నాడు హారన్ తాత.

మిల్లాయన వసారా వైపు నడిచి, కుర్చీ వెయ్యడానికి నీడ ఎక్కడుందో చూసుకుంటున్నాడు. కొలతలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, తాడు విప్పి, బావిలోకి దింపింది. ముళ్ళు లెక్కపెడితే పద్దెనిమిది బారలూ, ఒక మూరా వచ్చింది. అయినా పైకి లాగి, మరోసారి దింపింది.